టూల్ 'సర్వర్ మారింది' అంటుంది, బ్రౌజర్ మాత్రం పాత సర్వర్‌కే పోతోంది

కీబోర్డు_కాశీ
మా టీములో టెస్టింగ్‌కి నాలుగు సర్వర్లు ఉన్నాయి: డెవ్, క్యూఏ, యూఏటీ, ప్రీప్రాడ్. నాలుగింటికీ సైటు పేరు ఒక్కటే, ప్రొడక్షన్‌లో ఉన్న పేరే. ఏ సర్వర్ మీద టెస్ట్ చేయాలంటే దాని ఐపీని (అంకెల అడ్రస్‌ని) హోస్ట్స్ ఫైల్లో, అంటే ఏ సైటు పేరుకి ఏ ఐపీయో మన మెషీన్‌లోనే రాసుకునే ఫైల్లో, పెట్టుకోవాలి. రోజుకి పదిసార్లు నోట్‌ప్యాడ్‌ని అడ్మిన్‌గా తెరవడం, ఒక లైను పనిచేయకుండా దాని ముందు హ్యాష్ పెట్టడం, ఇంకో లైను ముందు తీసేయడం... విసుగొచ్చి రెండు వీకెండ్లు కూర్చుని సీషార్ప్‌లో ఒక చిన్న టూల్ రాశాను. గడియారం పక్కన ట్రేలో ఐకాన్ ఉంటుంది. రైట్ క్లిక్ చేసి సర్వర్ పేరు ఎంచుకుంటే హోస్ట్స్ ఫైల్ తిరగరాసి, డీఎన్ఎస్ ఫ్లష్ (పేర్లకి మెషీన్ గుర్తుపెట్టుకున్న పాత ఐపీలు చెరపడం) కూడా తనే చేస్తుంది. మొత్తం 300 లైన్ల కోడ్ కూడా ఉండదు.

ఇప్పుడు తలనొప్పి ఏంటంటే, సర్వర్ మార్చాక పింగ్ (సర్వర్ పలుకుతోందా అని చూసే కమాండ్) కొడితే కొత్త ఐపీ చక్కగా వస్తుంది, క్రోమ్‌లో రీఫ్రెష్ కొడితే మాత్రం పాత సర్వరే. ఒక్కోసారి నిమిషం, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, ఒక్కోసారి బ్రౌజర్ మూసి తెరిచేదాకా అంతే. నిన్న ఒక టెస్టర్ క్యూఏ అనుకుని యూఏటీ మీద మూడు బగ్గులు రాసింది. డెవలపర్ "నా దగ్గర రావట్లేదు" అని మూసేశాడు, ఆవిడ మళ్ళీ తెరిచింది, ఆయన మళ్ళీ మూశాడు. సాయంత్రానికి తిట్లన్నీ నాకు. టూల్లో తప్పెక్కడుంది?

సెమీకోలన్_సుబ్బు
నాలుగు సర్వర్లకి నాలుగు పేర్లు పెట్టుకుంటే ఈ గోలంతా ఉండదు కదా బ్రో. టూల్ రాసే టైములో డీఎన్ఎస్‌లో నాలుగు రికార్డులు వేయించుకోవాల్సింది.

కీబోర్డు_కాశీ
ఈ మాట మొదటి రిప్లైలోనే వస్తుందని తెలుసు :) పేమెంట్ గేట్‌వేలో రిటర్న్ యూఆర్‌ఎల్ ఒక్కటే రిజిస్టర్ అయి ఉంది, లాగిన్ రీడైరెక్ట్ కూడా అంతే. కుకీ డొమైన్‌ని ఎవరో మహానుభావుడు కోడ్‌లో నేరుగా రాసేసి కంపెనీ వదిలి వెళ్ళిపోయాడు. పేర్లు మార్చాలంటే ఆరు నెలల ప్రాజెక్టు. నాకు సోమవారానికి పని కావాలి.

లాగ్‌ఫైలు
టూల్లో తప్పు లేదు. హోస్ట్స్ ఫైల్ గానీ డీఎన్ఎస్ గానీ పనికొచ్చేది కొత్త కనెక్షన్ తెరిచేటప్పుడే. బ్రౌజర్ దగ్గర పాత కనెక్షన్ ఇంకా తెరిచే ఉంటే, పేరుకి ఐపీ ఏమిటని మళ్ళీ ఎవర్నీ అడగదు, ఉన్న గొట్టంలోంచే పంపేస్తుంది. హెచ్‌టీటీపీ 1.1 నుంచీ కనెక్షన్ తెరిచి ఉంచడమే డిఫాల్ట్, హెచ్‌టీటీపీ 2లో అయితే మామూలుగా ఒక్క కనెక్షన్ మీదే రిక్వెస్టులన్నీ నడుస్తాయి. పింగ్‌కి ఈ బాధ లేదు, ప్రతిసారీ కొత్తగా అడుగుతుంది కాబట్టి దానికి సరైన జవాబే వస్తుంది. అందుకే పింగ్ చూసి నమ్మకూడదు.

ఒక్కోసారి నిమిషం ఎందుకంటే, ఖాళీగా ఉన్న కనెక్షన్‌ని ఎంతసేపు ఉంచాలన్నది సర్వర్ కూడా నిర్ణయిస్తుంది. వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్లు చూస్తే, ఎన్‌జింక్స్‌లో డిఫాల్ట్ 75 సెకన్లు, అపాచీ 2.4లో 5 సెకన్లు. మీ పేజీలో నోటిఫికేషన్ల కోసం పది సెకన్లకోసారి సర్వర్‌ని అడిగే స్క్రిప్ట్ ఏదైనా ఉంటే ఆ కనెక్షన్ ఖాళీగా ఉండనే ఉండదు, ఇక మూసుకోవడం ఎక్కడ?

చూడాలంటే క్రోమ్‌లో నెట్-ఇంటర్నల్స్ పేజీ తెరిచి, డీఎన్ఎస్ దగ్గర హోస్ట్ కాష్ క్లియర్ చేసి, సాకెట్స్ దగ్గర ఫ్లష్ సాకెట్ పూల్స్ నొక్కండి. రెండోదే అసలు మందు.

కీబోర్డు_కాశీ
నొక్కగానే మారిపోయింది!! పైగా ఇంకో ముడి కూడా వీడింది. డెవ్ నుంచి వేరేదానికి మారినప్పుడు ఎప్పుడూ ఇబ్బంది రాలేదు, మిగతా మూడింటి నుంచే వచ్చేది. డెవ్‌లో అపాచీ, మిగతావాటిలో ఎన్‌జింక్స్. రెండు వారాలుగా ఐపీ రేంజ్ తేడా అనుకుని నెట్‌వర్క్ వాళ్ళ ప్రాణం తోడేశాను.

కానీ టెస్టర్లందరినీ మార్చినప్పుడల్లా ఆ పేజీకి వెళ్ళి నొక్కమంటే టూల్ ఎందుకు, నోట్‌ప్యాడే నయం.

రూట్_రంగడు
టెస్ట్ సర్వర్లలో కీప్‌అలైవ్ టైమవుట్ (ఖాళీ కనెక్షన్ తెరిచి ఉంచే సమయం) సున్నా పెట్టేయండి, ఒక్క లైనుతో అయిపోతుంది.

పైప్‌లైన్_పద్మ
@రూట్_రంగడు అలా చేస్తే ప్రతి రిక్వెస్ట్‌కీ కొత్త కనెక్షన్, దాన్ని భద్రం చేసే కొత్త టీఎల్ఎస్ హ్యాండ్‌షేక్. ప్రీప్రాడ్‌లో ఎవరైనా లోడ్ టెస్ట్ చేస్తే అంకెలన్నీ తప్పులే. మా దగ్గర సరిగ్గా ఇలాగే ఎవరో పెట్టి మర్చిపోయారు, "కొత్త రిలీజ్ స్లో అయింది" అని మూడు రోజులు డేటాబేస్‌లో ఇండెక్సులు వెతికాం. టెస్ట్ సర్వర్ ప్రొడక్షన్‌లా ప్రవర్తించకపోతే దాని మీద టెస్ట్ చేసి లాభమేంటి?

రూట్_రంగడు
సరే, ప్రీప్రాడ్ వదిలేసి మిగతావాటికి పెట్టుకోమనండి. ప్రతిదానికీ ఇంత టెన్షన్ పడితే ఎలా.

కుకీ_కుమారి
అసలు హోస్ట్స్ ఫైల్ జోలికే పోకుండా చేయొచ్చు. క్రోమ్‌ని స్టార్ట్ చేసేటప్పుడు హోస్ట్-రిజాల్వర్-రూల్స్ అనే ఫ్లాగ్‌లో "ఈ పేరుకి ఈ ఐపీ" అని ఇస్తే ఆ క్రోమ్‌కి మాత్రమే అది వర్తిస్తుంది. అడ్రస్ బార్‌లో పేరు మారదు కాబట్టి సర్టిఫికెట్ గొడవ కూడా రాదు. మీ టూల్ హోస్ట్స్ రాయడం మానేసి, క్లిక్ చేయగానే ఆ సర్వర్ కోసం వేరే క్రోమ్ విండో తెరిస్తే చాలు. క్యూఏ ఒక విండో, యూఏటీ ఇంకో విండో, రెండూ పక్కపక్కన పెట్టుకుని పోల్చుకోవచ్చు. అడ్మిన్ పర్మిషన్ అక్కర్లేదు.

ఒక్కటి మర్చిపోకండి, ప్రతి సర్వర్‌కీ యూజర్-డేటా-డిర్ వేరేగా ఇవ్వాలి. లేకపోతే అప్పటికే నడుస్తున్న క్రోమ్‌లోనే ఇంకో విండో తెరుచుకుంటుంది, మీ ఫ్లాగ్‌ని అది పట్టించుకోదు. నేను ఒక పూట పోగొట్టుకున్నాను దీని మీద.

ప్రొఫైల్ వేరుగా ఉండటం వల్ల ఇంకో మేలుంది. ఇప్పుడు మీ నాలుగు సర్వర్లకీ ప్రొడక్షన్‌కీ పేరు ఒక్కటే కదా, అంటే బ్రౌజర్ దృష్టిలో అవన్నీ ఒకే సైటు. ప్రొడక్షన్‌లో లాగిన్ అయిన కుకీని తీసుకెళ్ళి క్యూఏ సర్వర్‌కి కూడా ఇచ్చేస్తుంది. సర్వీస్ వర్కర్ (సైటు ఫైళ్ళని బ్రౌజర్‌లోనే దాచుకుని ఇచ్చే స్క్రిప్ట్) ఉంటే యూఏటీ జావాస్క్రిప్ట్‌ని క్యూఏ పేజీలో వాడేస్తుంది. ఆ మూడు బగ్గుల్లో ఒకటైనా ఇదే అయ్యుంటుందని నా అనుమానం.

సెమీకోలన్_సుబ్బు
ప్రొడక్షన్ కుకీ టెస్ట్ సర్వర్ లాగుల్లో పడటం అంటే... ఆ లాగులు ఎవరెవరు చూస్తారో ఆలోచిస్తేనే చెమటలు పడుతున్నాయి.

కీబోర్డు_కాశీ
@కుకీ_కుమారి ఇది బాగుంది. కానీ మాకు ఫైర్‌ఫాక్స్‌లో కూడా టెస్ట్ చేయాలి, పైగా ఒక జావా డెస్క్‌టాప్ క్లయింట్ ఉంది, అది కూడా ఇదే సర్వర్‌తో మాట్లాడుతుంది. వాటికి హోస్ట్స్ ఫైలే గతి.

పాత_సర్వర్
హోస్ట్స్ ఫైల్ అనగానే నా పాపం గుర్తొచ్చింది. అప్పట్లో ఒక సైటుని కొత్త సర్వర్‌కి మార్చేటప్పుడు ముందుగా చూసుకుందామని నా మెషీన్‌లో కొత్త ఐపీ రాసుకున్నాను. మార్పిడి అయిపోయింది, ఆ లైను తీయడం మర్చిపోయాను. ఆరు నెలల తర్వాత ఒక రాత్రి డొమైన్ రికార్డు ఎవరో పొరపాటున చెరిపేశారు, ప్రపంచానికంతటికీ సైటు పోయింది. ఫోన్ మీద ఫోన్. నేను నా లాప్‌టాప్‌లో తెరిచి చూస్తే శుభ్రంగా వస్తోంది. "మీ ఇంటర్నెట్ చూసుకోండి, సైటు బాగానే ఉంది" అని నలభై నిమిషాల పాటు అందరికీ ధీమాగా చెప్పాను. ఆ తర్వాత మేనేజర్ తన ఫోన్ నా ముందు పెట్టాడు. ఏమీ అనలేదు, అలా పెట్టి నిలబడ్డాడు.

కాశీ గారూ, మీ టూల్లో టైమర్ పెట్టండి. రెండు గంటల తర్వాత "ఇంకా క్యూఏలోనే ఉంచాలా?" అని అడగాలి, జవాబు రాకపోతే లైన్లన్నీ తీసేయాలి.

లాగ్‌ఫైలు
నలభై నిమిషాలు 😂😂

రూట్_రంగడు
"నా మెషీన్‌లో పనిచేస్తోంది" అనే మాటకి ఇంతకంటే పెద్ద ఉదాహరణ నేను వినలేదు.

పాత_సర్వర్
నవ్వండి నాయనా. హోస్ట్స్ ఫైల్ ముందు మీరూ నేనూ పిల్లలం. ఇంటర్నెట్‌కి ముందున్న ఆర్పానెట్ రోజుల్లో నెట్‌వర్క్ మొత్తానికీ ఒకటే హోస్ట్స్ ఫైల్ ఉండేది, ఎస్ఆర్ఐ అనే సంస్థలో దాన్ని దిద్ది ఉంచేవాళ్ళు, అందరూ అక్కణ్ణుంచి కాపీ తెచ్చుకునేవాళ్ళు. మెషీన్లు పెరిగేకొద్దీ అది మోయలేని బరువైపోతేనే పాల్ మొకపెట్రిస్ 1983లో డీఎన్ఎస్‌ని రూపొందించాడు. మనం మళ్ళీ వెనక్కి వెళ్ళి, ఆ ఫైల్‌ని తిరగరాయడానికి టూల్స్ రాసుకుంటున్నాం.

నిద్రలేని_టెస్టర్
టెస్టింగ్ వైపు నుంచి ఒక మాట చెప్తాను, డెవలపర్లు ఎవరూ అడగలేదు కాబట్టి. కాశీ గారి టూల్ ట్రేలో "క్యూఏ" అని చూపిస్తుంది. అది చెప్పేది తను ఫైల్లో ఏం రాసిందో, అంతే. నాకు కావాల్సింది నేను చూస్తున్న ఈ పేజీ ఏ సర్వర్ నుంచి వచ్చిందన్నది. ఈ రెండూ ఒకటి కావని ఇప్పుడే లాగ్‌ఫైలు గారు వివరంగా చెప్పారు. బగ్ రాసేటప్పుడు ఎన్విరాన్‌మెంట్ అనే గడిలో నేను ట్రే ఐకాన్ చూసి నింపితే అది అబద్ధం కావచ్చు, డెవలపర్ దృష్టిలో తప్పు మాత్రం నాది. ఆ మూడు బగ్గులు రాసిన ఆవిడ మీద నాకు జాలేస్తోంది.

ఇప్పటికైతే నేను డెవ్‌టూల్స్ నెట్‌వర్క్ ట్యాబ్‌లో రిమోట్ అడ్రస్ చూసి, ఆ స్క్రీన్‌షాట్ పెట్టి బగ్ రాస్తాను. అందులో ఐపీ ఉంటుంది, వాదించడానికి చోటుండదు. కానీ ప్రతి బగ్‌కీ ఇలా చేయాలంటే చిరాకే.

లాగ్‌ఫైలు
@నిద్రలేని_టెస్టర్ నూటికి నూరు పాళ్ళు నిజం. కాశీ గారూ, ప్రతి టెస్ట్ సర్వర్ రెస్పాన్స్ హెడర్‌లో తన పేరు పంపేలా పెట్టించండి. సర్వర్ మార్చగానే టూల్ సైటుకి ఒక రిక్వెస్ట్ కొట్టి ఆ హెడర్ చదవాలి, అది సరిపోలాకే ఐకాన్ రంగు మార్చాలి. లేకపోతే ప్రశ్నార్థకం చూపించాలి.

పైప్‌లైన్_పద్మ
అది కూడా సగమే. టూల్ కొట్టే రిక్వెస్ట్ టూల్ కనెక్షన్ మీద పోతుంది, బ్రౌజర్ పాత కనెక్షన్ బ్రౌజర్‌కి అలాగే ఉంటుంది. పేజీలోనే కనపడాలి. మేము పేజీ పైన రంగు పట్టీ వేస్తాం, సర్వర్‌కో రంగు, మీద సర్వర్ పేరు. అప్లికేషన్ కోడ్‌లో పెట్టొద్దు, ఏదో ఒక రోజు అది ప్రొడక్షన్‌కి పోతుంది. ఎన్‌జింక్స్‌లో సబ్-ఫిల్టర్ అని ఉంది, పేజీ వెళ్ళేటప్పుడు బాడీ ట్యాగ్ దగ్గర ఆ పట్టీ హెచ్‌టీఎంఎల్ అతికించేస్తుంది. వెనకున్న అప్లికేషన్ జీజిప్ చేసి (కుదించి) పంపిస్తే మాత్రం ఫిల్టర్‌కి ఏమీ కనపడదు, కాబట్టి వెనక్కి పంపే రిక్వెస్ట్‌లో యాక్సెప్ట్-ఎన్‌కోడింగ్ హెడర్ ఖాళీ చేయాలి.

సెమీకోలన్_సుబ్బు
పట్టీ ప్రొడక్షన్‌కి పోయిన అనుభవం ఉన్నట్టుంది మాటలు వింటుంటే.

పైప్‌లైన్_పద్మ
ఉంది. అడగొద్దు.

రూట్_రంగడు
ఇంకో చిట్కా: టూల్‌ని ప్రతిసారీ అడ్మిన్‌గా నడపడం చిరాకైతే హోస్ట్స్ ఫైల్‌కి అందరికీ రైట్ పర్మిషన్ ఇచ్చేయండి. ఇక ఆ పర్మిషన్ బాక్స్ రాదు.

కుకీ_కుమారి
వద్దు వద్దు వద్దు. ఆ ఫైల్‌కి తాళం వేసింది ఎందుకనుకుంటున్నారు? ఏ చెత్త ప్రోగ్రాం అయినా బ్యాంకు సైటు పేరుకి తన ఐపీ రాసేసుకోవచ్చు అప్పుడు. రాయడానికి మాత్రమే ఒక చిన్న సర్వీస్‌ని అడ్మిన్‌గా పెట్టి, ట్రే యాప్‌ని మామూలు యూజర్‌గా నడపండి. ఆ సర్వీస్ కూడా ముందే ఇచ్చిన నాలుగు జాబితాల్లోంచి ఒకటి రాయాలి తప్ప, ఎవరేమడిగితే అది రాయకూడదు.

రూట్_రంగడు
ఈ థ్రెడ్‌లో నేను ఏం చెప్పినా తిట్లే పడుతున్నాయి.

లాగ్‌ఫైలు
హ్యాండిల్ పేరు మార్చుకో రంగా, రూట్ అని ఉన్నంతకాలం అంతే :D

కీబోర్డు_కాశీ
పర్మిషన్ సంగతి అలా ఉంచితే, ఇద్దరి మెషీన్లలో వేరే వింత ఉంది. ఒకతని దగ్గర టూల్ ఎన్నిసార్లు మార్చినా అసలు మారదు. ఫైల్ తెరిచి చూస్తే లైను కళ్ళ ముందే ఉంది! రెండో ఆవిడ దగ్గర పింగ్‌కి కొత్త ఐపీయే వస్తుంది, బ్రౌజర్లు మాత్రం ఏ సర్వర్ ఎంచుకున్నా ప్రొడక్షన్‌కే పోతాయి. సాకెట్ ఫ్లష్ చేసినా సరే. ఇక జావా క్లయింట్‌ని మూసి తెరిస్తే తప్ప మారదు.

లాగ్‌ఫైలు
రెండో ఆవిడది తేలిక, బ్రౌజర్‌కి ప్రాక్సీ (మధ్యలో ఉండి మన తరఫున రిక్వెస్టులు పంపే సర్వర్) సెట్ అయి ఉంటుంది. ప్రాక్సీ ఉంటే పేరుని ఐపీగా మార్చేది ప్రాక్సీ సర్వరే, మీ మెషీన్‌లోని హోస్ట్స్ ఫైల్ దానికేం తెలుసు? ఆ సైటు పేరుని ప్రాక్సీ మినహాయింపుల్లో వేయండి.

జావా సంగతి: జావా ప్రోగ్రాంలని నడిపే జేవీఎం, తెలుసుకున్న ఐపీలకి తనకంటూ వేరే కాష్ పెట్టుకుంటుంది. మామూలుగా 30 సెకన్లు, పాత జావా వెర్షన్లలో సెక్యూరిటీ మేనేజర్ ఉంటే మాత్రం ప్రోగ్రాం నడిచినంతకాలం ఒకసారి తెలుసుకున్న ఐపీనే. నెట్‌వర్క్‌అడ్రస్ క్యాష్ టీటీఎల్ అనే ప్రాపర్టీ చూడండి. అది తక్కువే ఉంటే మళ్ళీ కనెక్షన్ పూల్ కథే.

మొదటి అతనిది... మీ టూల్ ఫైల్‌ని ఎలా రాస్తోంది? ఆ కోడ్ లైను పెట్టగలరా?

కీబోర్డు_కాశీ
ఫైల్ డాట్ రైట్ఆల్‌టెక్స్ట్, మూడో ఆర్గ్యుమెంట్ ఎన్‌కోడింగ్ డాట్ యూటీఎఫ్8. ఇందులో తప్పేముంది?

లాగ్‌ఫైలు
దొరికాడు దొంగ. ఆ మూడో ఆర్గ్యుమెంట్ ఇస్తే డాట్‌నెట్ ఫైల్ మొదట్లో బామ్ అనే, ఎన్‌కోడింగ్ ఏదో చెప్పే మూడు బైట్లు అతికిస్తుంది. ఆర్గ్యుమెంట్ లేకుండా రాస్తే యూటీఎఫ్-8లోనే రాస్తుంది, బామ్ పెట్టదు. నోట్‌ప్యాడ్‌లో ఆ బైట్లు కనపడవు, కానీ హోస్ట్స్ ఫైల్ చదివే విండోస్‌కి మొదటి లైను ఐపీలా కనపడదు, వదిలేస్తుంది. మిగతావాళ్ళందరికీ మొదటి లైను మైక్రోసాఫ్ట్ వాళ్ళ హ్యాష్ కామెంట్ అయి ఉంటుంది, అది పోయినా నష్టం లేదు. ఇతను ఆ కామెంట్లన్నీ ఎప్పుడో శుభ్రంగా చెరిపేసుకుని ఉంటాడు, మీ లైనే మొదటి లైను. పందెం.

కీబోర్డు_కాశీ
ఇప్పుడే ఫోన్ చేసి అడిగాను. "అవును, కామెంట్లు చూడ్డానికి చిందరవందరగా ఉన్నాయని తీసేశా" అన్నాడు. దండం లాగ్‌ఫైలు గారూ.

సెమీకోలన్_సుబ్బు
నాకూ ఇలాగే ఒకసారి. పవర్‌షెల్ 5.1లో బాణం గుర్తుతో హోస్ట్స్ ఫైల్‌లోకి రాశాను, అది యూటీఎఫ్-16లో రాస్తుందని అప్పటికి తెలియదు. ఒక్క లైను కాదు, ఫైల్ మొత్తం పనికిరాకుండా పోయింది.

పాత_సర్వర్
అన్నట్టు యాంటీవైరస్ సంగతి కూడా చూసుకోండి. మీ టూల్ హోస్ట్స్ ఫైల్‌లో వేలు పెడుతోంది కాబట్టి ఏదో ఒక రోజు దాన్ని వైరస్ అనుకోవడం ఖాయం. 2020లో విండోస్ డిఫెండర్, వాడకం వివరాలు సేకరించే మైక్రోసాఫ్ట్ టెలిమెట్రీ సర్వర్లని ఆపే లైన్లున్న హోస్ట్స్ ఫైళ్ళని హైజాక్ అని పట్టుకుని, సరే అంటే ఫైల్‌ని మొదటి స్థితికి తెచ్చేసేది. మనం రాసుకున్నవన్నీ దాంతో పాటే పోయేవి. ప్రతి మార్పుకి ముందు ఒక కాపీ తీసి పక్కన పెట్టండి.

కీబోర్డు_కాశీ
వారం తర్వాత వచ్చి చెప్తున్నాను. బామ్ తీసేశాను. క్రోమ్‌కి వేరే ప్రొఫైల్, ఫ్లాగ్ పద్ధతి పెట్టాను, టెస్టర్లకి ఇదే బాగా నచ్చింది. ఫైర్‌ఫాక్స్‌కీ జావాకీ ఇంకా హోస్ట్స్ ఫైలే, రెండు గంటల టైమర్‌తో. జావా క్లయింట్‌ని టూలే మూసి తెరుస్తుంది, మొరటు పద్ధతే కానీ పనైపోతోంది. చిన్న సర్వీస్ రాయడం ఇంకా మొదలుపెట్టలేదు, కుమారి గారు తిట్టొద్దు. పట్టీ నాలుగు సర్వర్లకీ నిన్న రాత్రి పెట్టించాం: డెవ్ ఆకుపచ్చ, క్యూఏ నీలం, యూఏటీ పసుపు, ప్రీప్రాడ్ ఎరుపు. అన్నింటి మీదా తెల్ల అక్షరాలతో సర్వర్ పేరు.

పైప్‌లైన్_పద్మ
పసుపు మీద తెల్ల అక్షరాలా?

కీబోర్డు_కాశీ
అయ్యో. ఒక్క నిమిషం, ఇప్పుడే ఒక బగ్ వచ్చి పడింది. ఆ మూడు బగ్గుల ఆవిడే రాసింది: "పేజీ పైన పట్టీ మీద అక్షరాలు కనపడట్లేదు." ఎన్విరాన్‌మెంట్ గడి ఖాళీగా వదిలేసింది. ఏ సర్వర్ అని అడిగాను.

నిద్రలేని_టెస్టర్
ఏమంది?

కీబోర్డు_కాశీ
"చదవగలిగితే రాసేదాన్ని కదండీ" అంది.